కొండ దిగుతుంటే కమురు వాసన

తిరుమలలో దర్శనం అయింది. లడ్డూల సంచీ ఒళ్ళో పెట్టుకుని మీరు కారులో ముందు సీట్లో కూర్చున్నారు. కారు నడుపుతున్నది మీ మామయ్య. వెనక సీట్లో అత్తయ్య, అమ్మమ్మ, వాళ్ళిద్దరి మధ్య ఇరుక్కుని మీ తమ్ముడు. తిరుమలకు రెండు ఘాటు రోడ్లున్నాయి కదా! 1944లో తెరిచిన పాత రోడ్డును సాధారణంగా దిగడానికీ, కొత్తదాన్ని ఎక్కడానికీ వాడతారు. పాములా మెలికలు తిరిగే ఆ పాత రోడ్డు మీద 18, 19 కిలోమీటర్లు దిగితే అలిపిరి వస్తుంది.

మామయ్య మంచి హుషారుగా ఉన్నాడు. "ఇంక పెట్రోలుతో పనిలేదు. కొండే మనల్ని దింపేస్తుంది" అంటూ గేరు రాడ్డును న్యూట్రల్‌లోకి తోసేశాడు. ఇంజను చప్పుడు తగ్గిపోయింది. కారు హాయిగా జారుతోంది. వేగం పెరిగినప్పుడు బ్రేకు, మలుపు వస్తే బ్రేకు, ముందు బస్సు కనిపిస్తే బ్రేకు. ఓ పావుగంట గడిచాక ఏదో కమురు వాసన మొదలయింది. "ఎవరో చెత్త తగలబెడుతున్నట్టున్నారు" అంది అమ్మమ్మ. అడవిలో చెత్త తగలబెట్టేవాళ్ళెవరు? ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి మామయ్య మాటలు ఆగిపోయాయి. బ్రేకు పెడలు ఇందాకటికన్నా లోతుకు దిగుతోంది. ఎంత తొక్కినా కారు మునుపటిలా నిలవడం లేదు.

కంగారు పడకండి. మామయ్య పెడలును గట్టిగా రెండు మూడుసార్లు తొక్కి, గేరు వేసి, ఎలాగో ఒక వెడల్పాటి చోట కారును పక్కకు తీసి ఆపేశాడు. అందరూ కిందికి దిగారు. ముందు చక్రాల దగ్గర సన్నగా పొగ వస్తోంది. అది చల్లారడానికి ఎలాగూ అరగంట పడుతుంది కాబట్టి, ఈలోగా మనం ఒక చిక్కు ప్రశ్న వేసుకుందాం.

పొద్దున కొండ ఎక్కేటప్పుడు ఇంజను అరగంటపాటు రొప్పుతూ పనిచేసింది. అప్పుడు ఏ వాసనా రాలేదు. ఇప్పుడు ఇంజనుకు పనే లేదు, కారు దానంతట అదే దిగుతోంది. మరి కాలుతున్నదేమిటి? ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది?

పొద్దున పోసిన పెట్రోలులోంచే వచ్చింది! కొండ ఎక్కేటప్పుడు ఇంజను ఖర్చు పెట్టిన శక్తిలో కొంత భాగం ఎక్కడికీ పోలేదు. స్థితిజ శక్తిగా మారి కారులోనే దాగి ఉంది. లెక్క మీ భౌతికశాస్త్రం పుస్తకంలోదే. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ, ఎత్తుతోనూ గుణించడమే. మనుషులతో కలిపి కారు 1250 కిలోలు ఉందనుకుందాం. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 1250ని 9.8తోనూ, 700తోనూ గుణిస్తే దాదాపు 86 లక్షల జౌళ్ళు వస్తుంది.

జౌళ్ళలో చెబితే ఎంతో బోధపడదు. నీళ్ళలో చెప్పుకుందాం. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4200 జౌళ్ళు కావాలి. 30 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్ళను మరిగే దాకా తేవాలంటే లీటరుకు 2 లక్షల 94 వేల జౌళ్ళు. అంటే కొండ మీద నిలబడి ఉన్న కారులో 29 లీటర్ల నీళ్ళను, ఇంచుమించు రెండు బిందెల నీళ్ళను, మరిగించగల శక్తి ఉందన్నమాట. కారు అలిపిరి చేరి ఆగేసరికి ఆ శక్తి అంతా ఏదో ఒక రూపంలో బయటపడి తీరాలి. "వద్దులే" అని వదిలించుకోవడానికి వీల్లేదు. శక్తి నిత్యత్వ నియమం మామయ్యకైనా, ఇంకెవరికైనా ఒకటే.

ఊళ్ళో బల్లపరుపు రోడ్డు మీద సంగతి వేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న అదే కారును ఆపితే బయటపడే గతిజ శక్తి సుమారు 1 లక్షా 74 వేల జౌళ్ళు. దానితో అర లీటరు పైచిలుకు నీళ్ళు మాత్రమే మరుగుతాయి. అంటే కొండ దిగడమన్నది, 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారును వరసగా దాదాపు 50 సార్లు ఆపడంతో సమానం. అదీ మధ్యలో పెద్దగా విశ్రాంతి లేకుండా!

ఈ 86 లక్షల్లో కొంత గాలి పట్టుకుపోతుంది. టైర్లు రోడ్డు మీద నలుగుతూ దొర్లుతాయి కదా, కొంత అక్కడ ఖర్చవుతుంది. రెండూ కలిపి ఉజ్జాయింపుగా మూడో వంతు అనుకోండి. మిగిలిన మూడింట రెండు వంతులు, అంటే సుమారు 57 లక్షల జౌళ్ళు, కారులోని ఏదో ఒక భాగం మింగాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగితే ప్రయాణం 36 నిమిషాలు. లెక్క కడితే రెండున్నర కిలోవాట్ల పైమాటే. నీళ్ళు కాచుకునే కరెంటు హీటర్లు రెండో మూడో, అరగంటకు పైగా ఆపకుండా వేసి ఉంచినట్టు.

ఆ వేడిని ఎవరి నెత్తిన పెట్టాలి? చేత్తో గేర్లు మార్చే కారులో ఇందుకు ముగ్గురున్నారు. బ్రేకులు, ఇంజను, వీటి మధ్య తెలియక నలిగిపోయే క్లచ్ ప్లేటు. డ్రైవరు కాళ్ళూ చేయీ కదిలే తీరును బట్టి ఎవరి వంతు ఎంతో తేలుతుంది. ఏది ఎంత అరుగుతుందో, రేపు మెకానిక్కుకు ఎంత ఇవ్వాలో కూడా దాన్నిబట్టే ఉంటుంది.

చెప్పులు కుట్టే అతను వేసిన బ్రేకు

ముందుగా బ్రేకుల సంగతి. దీని వెనక ఒక చక్కని కథ ఉంది.

అది 1888 ఆగస్టు. జర్మనీలోని మన్‌హైమ్ పట్టణంలో కార్ల్ బెంజ్ అనే ఇంజనీరు మూడు చక్రాల మోటారు బండి తయారుచేశాడు. కాని దాన్ని నమ్మి కొనేవాళ్ళు అరుదు. ఒకరోజు ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆ బండిలో ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దూరం నూరు కిలోమీటర్ల పైనే. పెద్దవాడు ఆయిగెన్‌కు 15 ఏళ్ళు, చిన్నవాడు రిచర్డ్‌కు 13. ఇంచుమించు మీ ఈడువాళ్ళే. దారిలో ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నారు. ఎత్తులు వచ్చినప్పుడు పిల్లలు దిగి బండిని తోశారు. ఎత్తు ఎక్కడం కష్టమే, కాని అసలు చిక్కు దిగేటప్పుడు వచ్చింది. ఆ బండి బ్రేకు అంటే చక్రానికి ఒరుసుకునే చెక్కముక్క. కొండలు దిగేసరికి ఆ చెక్క అరిగిపోయింది. బెర్తా ఒక ఊళ్ళో చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి, చెక్క మీద తోలుముక్క మేకులతో కొట్టించింది. మోటారు బండి చరిత్రలో మొదటి బ్రేకు లైనింగు అదే అంటారు.

ఆ తోలుముక్కలో ఉన్న ఉపాయమే నేటికీ నడుస్తోంది. బ్రేకులో రెండు భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. ఒకటి గట్టిది, చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్కు లేదా డ్రమ్ము. రెండోది కాస్త మెత్తనిది, ప్యాడ్ లేదా లైనరు. అరుగుదల తప్పదు కాబట్టి చవకైనదాన్ని అరగనిచ్చి ఖరీదైనదాన్ని కాపాడుకోవడం ఇందులోని కిటుకు. మీ పెన్సిలు రబ్బరు అరుగుతుంది గాని కాగితం చిరగదు చూడండి, అలాగ. ఒకప్పుడు లైనర్లలో రాతినార, అదే ఆస్బెస్టాస్, కలిపేవారు. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలాక దాన్ని మానేసి, ఇతర నారలూ లోహపు పొళ్ళూ జిగురుతో కలిపి గట్టిగా అదిమి చేస్తున్నారు.

కొత్త ప్యాడ్ మందం సుమారు ఒక సెంటీమీటరు. అరిగిపోతే చక్రం విప్పి, పాతది తీసి కొత్తది పెట్టడం చేయి తిరిగిన మెకానిక్కుకు అరగంట పని. అంచేత బ్రేకులు అరుగుతాయన్న దిగులు అక్కర్లేదు. అరగడమే వాటి ఉద్యోగం. భయపడవలసింది అరుగుదలకు కాదు, వేడికి.

ఒక లెక్క చూడండి. నాలుగు చక్రాల డిస్కులూ డ్రమ్ములూ కలిపి 25 కిలోల ఇనుము అనుకుందాం. కిలో ఇనుమును ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 460 జౌళ్ళు చాలు. మన 57 లక్షల జౌళ్ళూ వాటి మీదే పడి, ఎక్కడికీ పోకుండా ఉంటే ఇనుము వేడి దాదాపు 500 డిగ్రీలు పెరుగుతుంది! నిజానికి గాలి ఎప్పటికప్పుడు చల్లబరుస్తూ ఉంటుంది కనుక అంతదాకా పోదు. కాని ఘాటు రోడ్డు మీద కారు నెమ్మదిగా పోతుంది, గాలి తాకిడీ తక్కువే. పైగా నాలుగు చక్రాలకూ వేడి సమంగా పంచదు. బ్రేకు వేసినప్పుడు మీరంతా ముందుకు తూలుతారు కదా! కారు బరువు కూడా అలాగే ముందు చక్రాల మీదికి వాలుతుంది. అందుకే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకులదే. పొగ వచ్చింది ముందు చక్రాల దగ్గరేనని మీరు గమనించే ఉంటారు.

మితిమీరి వేడెక్కితే లైనరులోని జిగురు కాలి ఆవిరవుతుంది. కమురు వాసన దానిదే. అప్పుడు ఘర్షణ తగ్గుతుంది. పెడలు గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం మాట వినదు. ఇది ఒక ప్రమాదం. ఇంకొకటి ఉంది, అది మరీ మోసకారి. మీ పాదం బలాన్ని చక్రాల దాకా మోసుకుపోయేది సన్నటి గొట్టాల్లోని బ్రేకు ఆయిలు. అది ద్రవం కనుక నొక్కితే కుంచించుకుపోదు. కొత్తగా పోసినప్పుడు మామూలు రకం ఆయిలు 205 డిగ్రీల దాకా మరగదు. అయితే దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ళ తరబడి మార్చకుండా ఉంచితే ఆ మరిగే స్థానం 140 డిగ్రీల దాకా దిగజారవచ్చు. బ్రేకు వేడికి అది మరిగి బుడగలు పుడితే ఏమవుతుందో మీరే చేసి చూడండి.

మందుల షాపులో సూది లేని కొత్త సిరంజీలు రెండు కొనండి. సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో రెంటినీ కలిపి, లోపల బుడగ అన్నది లేకుండా నీళ్ళు నింపండి. ఒకదాన్ని నొక్కితే రెండోది ఆ క్షణమే పైకి లేస్తుంది. ఇప్పుడు రెండో సిరంజీ పిడిని తమ్ముణ్ణి వేలితో అదిమి పట్టుకోమనండి. మీరు ఎంత నొక్కినా మీ పిడి కదలదు, వాడి వేలికి మాత్రం ఒత్తిడి బాగా తెలుస్తుంది. తరవాత కొంత నీరు తీసేసి గాలి చేరనిచ్చి మళ్ళీ నొక్కండి. మీ పిడి మెత్తగా లోపలికి దిగిపోతుంది, వాడి వేలికి ఒత్తిడి ఇందాకటంత తగలదు. మీరు తోసిన దూరమంతా గాలిని కుదించడానికే సరిపోయింది. మామయ్య పెడలు లోతుకు దిగింది ఇందుకే. గట్టిగా, వెంటవెంటనే తొక్కితే కొంత పట్టు దొరికింది గాని, మరో నాలుగు మలుపులు అలాగే పోయి ఉంటే ఆ పట్టు కూడా దొరికేది కాదేమో.

వేగం తగ్గించే ఇంజను

బండిని నడిపించడానికి పెట్టిన ఇంజను బండిని ఆపుతుందంటే మీకు వింతగా ఉండవచ్చు. కారు గేరులో ఉండగా ఏక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేస్తే, అప్పటిదాకా చక్రాలను తిప్పుతున్న ఇంజనును ఇప్పుడు చక్రాలే తిప్పవలసి వస్తుంది. అది అంత తేలిక పని కాదు.

ఎందుకంటే పెట్రోలు ఇంజనులో గాలి వచ్చే దారికి థ్రాటిల్ అనే చిన్న తలుపు ఉంటుంది. కాలు తీస్తే అది దాదాపుగా మూసుకుపోతుంది. పిస్టన్లు మాత్రం కిందికీ పైకీ ఆడుతూనే ఉంటాయి. కిందికి దిగే పిస్టను గాలిని పీల్చబోతే చాలినంత గాలి రాదు. లోపలి పీడనం బయటి గాలి పీడనంలో మూడో వంతుకో, ఇంకా తక్కువకో పడిపోతుంది. ఆ వెలితికి ఎదురుగా పిస్టనును లాగాలి. ఇందాకటి సిరంజీలలో ఒకటి తీసుకుని, ముక్కును వేలితో పూర్తిగా మూయకుండా, రవ్వంత సందు వదిలి పిడిని గబగబా లాగి చూడండి. చేతికి ఎంత బరువు తగులుతుందో! పూర్తిగా మూసేస్తే మీరు వదలగానే పిడి వెనక్కి పరుగెత్తుతుంది, పెట్టిన శ్రమ తిరిగి వచ్చేస్తుంది. సందు ఉంటే గాలి మెల్లగా చేరుకుంటుంది, శ్రమ తిరిగి రాదు. ఇంజనులో జరిగేది ఈ రెండో రకమే. గాలిని కుదించడం వల్లే ఇంజను బండిని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. కుదించిన గాలి స్ప్రింగులాంటిది, తీసుకున్న దానిలో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. ఆపేది ఎక్కువగా ఈ పీల్పుడు శ్రమ, దానికి తోడు పిస్టన్లకూ బేరింగులకూ ఉండే ఘర్షణ.

(లారీల్లో ఉండే డీజిలు ఇంజన్లకు సాధారణంగా ఇలా గాలిని మూసే తలుపు పని ఉండదు. అందువల్ల వాటికి ఈ శక్తి తక్కువ. ఆ లోటు తీర్చడానికి చాలా లారీల్లో, బస్సుల్లో పొగగొట్టానికే ఒక తలుపు బిగిస్తారు. ఘాటు రోడ్డులో ఆ తలుపు మూస్తే ఇంజను తన పొగను తానే బయటికి నెట్టలేక అవస్థపడుతుంది. బస్సు ఒక విచిత్రమైన బుసతో దిగడం మీరు వినే ఉంటారు.)

ఇక గేర్లు ఎక్కడ వస్తాయంటారా? కారు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చక్రం నిమిషానికి సుమారు 280 చుట్లు తిరుగుతుంది. నాలుగో గేరులో ఉంటే ఇంజను దాదాపు 1100 చుట్లు తిరుగుతుంది. రెండో గేరులో అయితే 2200 చుట్లు. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజనును రెట్టింపు చుట్లు తిప్పాలి, రెట్టింపు గాలి పీల్చాలి. కాబట్టి చక్రం మీద పడే అడ్డు కూడా ఇంచుమించు రెట్టింపు. కార్లను బట్టి ఈ అంకెలు కాస్త మారతాయి గాని పద్ధతి అన్నిటికీ ఒకటే. మన 1250 కిలోల కారులో రెండో గేరు ఇంజను, తిరుమల దిగుడులో సగటున కావలసిన ఆ రెండున్నర కిలోవాట్లను ఒంటిచేత్తో మింగేయగలదు. మలుపుల దగ్గర మాత్రమే బ్రేకుకు పని. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాటకు అర్థం ఇదే.

"మరి ఇంజను అరిగిపోదూ?" అని వెనక సీటు నుంచి అత్తయ్య అడగనే అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. ఇంజను తిరిగినప్పుడల్లా ఎంతో కొంత అరుగుతుంది. కాని బ్రేకులో లాగ అక్కడ పొడి భాగాలు ఒరుసుకోవు, మధ్యలో నూనె పొర ఉంటుంది. పైగా దిగేటప్పుడు సిలిండరులో మంట లేదు, పేలుడు ఒత్తిడి లేదు. నిమిషానికి రెండు మూడు వేల చుట్లు ఇంజనుకు రోజూ అలవాటైన వేగమే. పుట్టిన వేడిని బయటికి పంపడానికి నీళ్ళూ, రేడియేటరూ, ఫ్యానూ సిద్ధంగా ఉన్నాయి. వేడిని వదిలించుకునే ఏర్పాటు ఇంత బాగా ఉన్న భాగం కారులో ఇంకొకటి లేదు. అయితే ఒక హద్దు ఉంది. 80 కిలోమీటర్ల వేగంలో ఉండగా పొరపాటున మొదటి గేరు వేసి క్లచ్ వదిలితే చక్రాలు ఇంజనును దాని శక్తికి మించి తిప్పేస్తాయి. వాల్వులు వంగిపోవచ్చు. అందుకే వేగం బ్రేకుతో తగ్గించుకుని, ఆ తరవాత చిన్న గేరు వేయాలి. అదీ దిగుడు మొదలవకముందే.

పాపం, క్లచ్ ప్లేటు

మూడోది క్లచ్. తిరిగే ఇంజనుకూ, గేరు బాక్సుకూ నడుమ ఉండే పళ్ళెం లాంటి భాగం. దీని రెండు ముఖాల మీదా బ్రేకు లైనరు లాంటి పదార్థమే ఉంటుంది. పెడలు తొక్కితే విడిపోతుంది, వదిలితే అతుక్కుంటుంది. ఈ రెండు స్థితుల్లోనూ అది అరగదు. ఇటు విడిపోకుండా, అటు అతుక్కోకుండా జారుతున్న ఆ మధ్య క్షణాల్లోనే అరుగుతుంది. బ్రేకుకు బయటి గాలి తగులుతుంది. క్లచ్ మాత్రం ఇనప డబ్బాలో ఉక్కపోతలో ఉంటుంది. ప్లేటు మార్చాలంటే గేరు బాక్సు దించాలి. సామాను ఖర్చు ఒక ఎత్తు, కూలి ఒక ఎత్తు, కారు షెడ్డులో పడి ఉండడం మరో ఎత్తు.

ఈ మూడింటి ధర తెలిస్తే, ఊళ్ళో కారు ఆపే పద్ధతి గురించి డ్రైవర్ల మధ్య ఎప్పుడూ నడిచే వాదం తేలిపోతుంది. కొందరు ఎర్ర దీపం కనబడగానే క్లచ్ తొక్కేసి, అలాగే జారుకుంటూ పోయి ఆపుతారు. అంతసేపూ ఇంజను సాయం పోతుంది, క్లచ్‌ను విడదీసే బేరింగు ఊరికే ఒత్తిడికి లోనై అరుగుతుంది. ఇంకొందరు అయిదు నుంచి నాలుగు, నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు అంటూ గేర్లన్నీ వరసగా దించుతూ, ప్రతిసారీ క్లచ్ వదులుతూ ఆపుతారు. బ్రేకులు ఆదా అని వాళ్ళ నమ్మకం. కాని ప్రతి మార్పులోనూ నెమ్మదిగా తిరుగుతున్న ఇంజనును వేగంగా తిరిగేట్టు లాక్కురావలసింది క్లచ్ ప్లేటే. చవకైన ప్యాడ్‌ను దాచుకోవడానికి ఖరీదైన ప్లేటును అరగదీయడం కదూ ఇది! నన్నడిగితే, చదును రోడ్డు మీద మంచి పద్ధతి చాలా సాదా. ఏక్సిలరేటరు మీద నుంచి ముందుగానే కాలు తీసి, ఉన్న గేరులోనే కారును నెమ్మదించనిచ్చి, బ్రేకుతో ఆపుతూ, ఇంజను కుదుపులు మొదలుపెట్టే ముందు మాత్రమే క్లచ్ తొక్కడం. గేరు దించవలసి వస్తే, క్లచ్ వదిలేముందు ఏక్సిలరేటరు రవ్వంత తొక్కి ఇంజను వేగాన్ని పెంచితే ప్లేటుకు ఆ లాగుడు బాధ తప్పుతుంది.

కొండ మీద లెక్క తారుమారవుతుంది. అక్కడ చిన్న గేరు ఒక్కసారే వేస్తారు, క్లచ్ ఒక్కసారే వదులుతారు. ప్లేటు గట్టిగా అతుక్కుని ఉంటుంది కనుక ఆ తరవాత దానికి అరుగుదలే లేదు. ఎక్కేటప్పుడు బారులో ఇరుక్కుని, బ్రేకు వేయకుండా సగం క్లచ్ మీద కారును నిలబెట్టేవాళ్ళు ఉంటారు. దాని వాసనా కమురే. గుర్తుపట్టడం తేలిక. ఎక్కేటప్పుడు వస్తే అనుమానించవలసింది క్లచ్‌ను, దిగేటప్పుడు వస్తే బ్రేకును.

ఇంక మామయ్య పెట్రోలు సంగతి మిగిలింది. ఇప్పటి కార్లలో పెట్రోలును ఇంజనులోకి చిమ్మే పని ఒక చిన్న కంప్యూటరు చూసుకుంటుంది. కారు గేరులో ఉండి, ఏక్సిలరేటరు మీద కాలు లేకుండా దిగుతుంటే, ఇంజనును చక్రాలే తిప్పుతున్నాయని అది గ్రహించి పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. అదే న్యూట్రల్‌లో ఉంటే ఇంజను ఆగిపోకుండా పెట్రోలు పోస్తూనే ఉండాలి. ఊరికే తిరిగే ఇంజను గంటకు ముప్పాతిక లీటరు అటూ ఇటూగా తాగుతుంది. అంటే ఈ దిగుడులో మామయ్య మిగిల్చింది ఏమీ లేదు. దాదాపు పావు లీటరు అదనంగా ఖర్చు పెట్టాడు, ప్యాడ్లు కాల్చాడు, అమ్మమ్మను భయపెట్టాడు. ఇంజనును అసలు ఆపేసి దిగే మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్ళది ఇంకా పెద్ద పొరపాటు. బ్రేకు పెడలుకు తోడుగా బలం ఇచ్చే సాధనం చాలా కార్లలో ఇంజను పీల్పుతోనే పనిచేస్తుంది. ఇంజను ఆగితే రెండు మూడుసార్లు తొక్కేసరికి ఆ సాయం అయిపోతుంది, పెడలు రాయిలా బిగుసుకుంటుంది.

బ్యాటరీతో నడిచే కార్లలో ఈ వేడి మీద కొంత లాభం కూడా ఉంది. దిగేటప్పుడు మోటారే డైనమోగా మారి, కొండ శక్తిలో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీలో వేస్తుంది. మామయ్య కారుకు ఆ అదృష్టం లేదు.

అరగంట అయింది. పొగ ఆగింది. తమ్ముడు నీళ్ళ సీసా పట్టుకుని చక్రం మీద పోయబోతున్నాడు, ఆపండి వాణ్ణి! మండుతున్న ఇనుము మీద చన్నీళ్ళు పడితే డిస్కు వంకరపోవచ్చు, డ్రమ్ము పగలవచ్చు. దానంతట అది చల్లారవలసిందే. మామయ్య ఎక్కి, పెడలు తొక్కి చూసి, గట్టిగానే ఉందని తల ఆడించాడు. అయినా ఇప్పుడు రెండో గేరు వేశాడు. ఇంజను గుర్రుమంది. "ఏమిటిరా ఈ రొద?" అంది అమ్మమ్మ. "ఇంజను బ్రేకు వేస్తోందమ్మా" అన్నాడు మామయ్య, ఇదంతా తనకు ముందే తెలిసినట్టు. మలుపుకు ముందు ఒకసారి గట్టిగా బ్రేకు, వెంటనే కాలు పైకి. మధ్యలో ప్యాడ్‌కూ డిస్కుకూ గాలి తగులుతోంది.

అలిపిరిలో మళ్ళీ ఆగారు. బ్రేకుల చల్లదనం చూడమన్నాడు మామయ్య. మరోసారి నొక్కి చూసుకున్నాడు, పెడలు ఎప్పటి ఎత్తులోనే ఉంది. మీరు చక్రాన్ని ముట్టుకోకుండా, అరచేతిని జానెడు దూరంలో పెట్టి చూడండి. ముందు చక్రం దగ్గర సెగ తగులుతుంది. వెనక చక్రం దగ్గర అంత ఉండదు. రేపు తిరుపతిలో మెకానిక్కుకు చూపించి ఆ బ్రేకు ఆయిలు మార్పించమని మామయ్యకు గుర్తు చేయండి. ఒకసారి మరిగిన ఆయిలుతో మళ్ళీ కొండ ఎక్కకూడదు.